దాపరికమూ, మూత్రపిండమూ

(ఖైతాన్‌లో జరిగిన సంఘ సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలకూ, నాట్యాలకూ, నాటికకూ నడుమ ఒక జబ్బును గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యవర్గం వారు మా వైద్య సలహా బృందాన్ని కోరారు. అదైనా ఒక్క జబ్బు కాదు, రెండు జబ్బులు కలిసినది. హెచ్.ఐ.వి. ఉన్నవారికి వచ్చే మూత్రపిండాల వ్యాధి, దాని చికిత్స. పండుగ పూట ఇదేం ముచ్చట అని కొందరికి అనిపించవచ్చు. కాని మనవాళ్ళు ఇంతమంది ఒకచోట చేరేది పండుగనాడే. మామూలు శుక్రవారం నాడు ఈ విషయం మీద సభ పెడితే వినడానికి ఎవరు వస్తారు? వచ్చినవారిని చూసి "ఇతనెందుకు వచ్చాడో!" అని గుసగుసలాడేవారు మాత్రం ఉంటారు. ఆ గుసగుసే ఈనాటి మా ప్రసంగానికి అసలు విషయం.

మేము చెప్పదలచిన సంగతి ముందుగా చెప్పి, తరువాత వివరిస్తాం. హెచ్.ఐ.వి. ఉన్నవారి మూత్రపిండాలను ఈ రోజుల్లో చాలావరకు కాపాడవచ్చు. అందుకు కావలసిన పరీక్షలు చవకైనవి. మందులు మన దేశంలో దొరుకుతున్నవి. చికిత్సకు అన్నిటికంటె ఎక్కువగా అడ్డుపడుతున్నది దాపరికం.

కువైట్‌లో ఉన్న మనం ఈ జబ్బు మనది కాదనుకోవడానికి ఒక కారణం ఉంది. ఇక్కడికి రావాలంటే బయలుదేరక ముందే మెడికల్ పరీక్ష. వచ్చాక అకామా కోసం ఇక్కడ మళ్ళీ పరీక్ష. రెండింటిలోనూ హెచ్.ఐ.వి. చూస్తారు. ఉన్నదని తేలిన విదేశీయునికి నివాసానుమతి ఇవ్వరు, స్వదేశానికి పంపివేస్తారు. మూత్రపిండాలు బాగా చెడినవారు కూడా ఈ మెడికల్‌లో అనర్హులే. అందుచేత ఈ రెండు జబ్బులూ ఉన్న మనిషి మన మధ్య కనిపించడు. కంటికి కనిపించనిది లేదనుకోవడం మానవ సహజం.

ఆ పంపివేసిన మనిషి ఎక్కడికి వెళ్ళాడు? మరో లోకానికి వెళ్ళలేదు. రాజంపేటకో, రాయచోటికో, కోనసీమకో, నరసాపురానికో, శ్రీకాకుళానికో వెళ్ళాడు. మన ఊరికే వెళ్ళాడు. అతడు మన తమ్ముడు కావచ్చు, బావమరిది కావచ్చు. ఆమె ఇక్కడ నాలుగేళ్ళు ఇంటిపని చేసి పిల్లల్ని చదివించిన మన వదిన కావచ్చు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం భారతదేశంలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు సుమారు 24 లక్షలు. వారిలో 3 లక్షలకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు. మహారాష్ట్ర తరువాత స్థానం మనదే. ఇందులో గర్వించడానికేమీ లేదు, తల దించుకోవడానికీ ఏమీ లేదు. తెలుసుకోవడానికి మాత్రం చాలా ఉంది.

ముందు కొంచెం చరిత్ర చెప్పుకుందాం. 1981 జూన్‌లో అమెరికాలో ఈ జబ్బును గురించిన తొలి నివేదికలు వెలువడ్డాయి. 1984లో న్యూయార్క్, మయామీ నగరాల వైద్యులు మరొక సంగతి గమనించారు. ఎయిడ్స్ రోగులలో కొందరికి మూత్రంలో మాంసకృత్తులు విపరీతంగా పోతున్నాయి, కొద్ది మాసాలలోనే మూత్రపిండాలు పూర్తిగా పాడైపోతున్నాయి. ఆ రోజుల్లో వారికి డయాలసిస్ చేసినా ఎక్కువ కాలం బతికేవారు కారు. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలోమన్ మార్గదర్శకత్వంలో సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని సేకరించిన రక్తపు నమూనాలలో మన దేశంలో తొలిసారిగా ఈ వైరస్ ఉన్నట్లు తేలింది.

1996 నాటికి మూడు మందులను కలిపి వాడే పద్ధతి వచ్చింది. జబ్బు స్వరూపమే మారిపోయింది. కాని ఖరీదు సామాన్యునికి అందేది కాదు. 2001లో బొంబాయికి చెందిన సిప్లా కంపెనీ రోజుకు ఒక డాలరు లోపు ఖర్చుతో ఈ మందులు ఇవ్వగలమని ప్రకటించింది. మన హైదరాబాదు కంపెనీలు కూడా ఈ మందుల తయారీలో ముందుకు వచ్చాయి. ఈనాడు ఆఫ్రికా ఖండంలో ఎందరో మింగే బిళ్ళలు మన హైదరాబాదు కర్మాగారాల నుంచి వెళ్ళినవే. 2004 ఏప్రిల్ 1 నుంచి మన దేశ ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి, ఒంట్లో రోగనిరోధక శక్తి ఎంత ఉన్నదని చూడకుండా, జబ్బు ఉన్నదని తేలిన ప్రతివారికీ మందు మొదలుపెడుతున్నారు.

దీని ఫలితమేమిటి? వేళకు మందు మొదలుపెట్టి, విడువకుండా వేసుకునేవారు ఇంచుమించు మామూలు మనుషులు జీవించినంత కాలం జీవిస్తున్నారు. వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉన్నవారి నుంచి దాంపత్య జీవితం ద్వారా మరొకరికి అది సోకదని కూడా రుజువైంది. బతుకు పెరిగినప్పుడు దానితోపాటు వయసు తెచ్చే జబ్బులూ వస్తాయి. ఒకప్పుడు ఎయిడ్స్ రోగి క్షయతోనో విరేచనాలతోనో పోయేవాడు. ఇప్పుడు అతడు అరవై ఏళ్ళు బతికి రక్తపోటు, చక్కెర వ్యాధి, గుండె, మూత్రపిండాల సంగతి చూసుకోవలసి వస్తున్నది. ఒక విధంగా ఇది విజయం తెచ్చిన బాధ్యత.

మూత్రపిండం చేసే పని ఏమిటో కొంచెం తెలిస్తే మిగతాది సులభంగా బోధపడుతుంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల చిన్న చిన్న వడపోత యంత్రాలు ఉన్నాయి. ఒక్కొక్క యంత్రంలో రెండు భాగాలు. మొదటిది జల్లెడ. రెండవది ఆ జల్లెడ కింద ఉండే సన్నని గొట్టం. జల్లెడలు అన్నీ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అదంతా బయటికి పోతే మనిషి గంటల్లో ఎండిపోతాడు. అందుకని గొట్టాలు అందులో నుంచి నీటినీ, చక్కెరనూ, ఉప్పునూ, ఎముకలకు కావలసిన ఫాస్ఫేటునూ తిరిగి లాగి రక్తంలో కలుపుతాయి. చివరకు లీటరున్నరో, రెండు లీటర్లో మూత్రంగా మిగులుతుంది. జల్లెడ చిరిగితే మాంసకృత్తులు మూత్రంలోకి జారిపోతాయి. గొట్టం చెడితే తిరిగి లాగవలసిన సరుకు లాగకుండా పోతుంది.

హెచ్.ఐ.వి. ఉన్నవారి మూత్రపిండాలు చెడడానికి నాలుగు దారులు ఉన్నాయి.

మొదటి దారి వైరస్ తానే. ఇది జల్లెడను దెబ్బ తీస్తుంది. 1984లో అమెరికా వైద్యులు చూసినది దీనినే. ఈ తీవ్రమైన రకం పశ్చిమ ఆఫ్రికా మూలాలు ఉన్నవారిలోనే ఎక్కువగా ఎందుకు వస్తున్నదో 2010లో తెలిసింది. నిద్రజబ్బు కలిగించే క్రిమి నుంచి రక్షణ ఇచ్చే ఒక జన్యువు మార్పు ఆ ప్రజలలో తరతరాలుగా వస్తున్నది. ఆ మార్పే, రెండు వైపుల నుంచీ వచ్చినవారిలో, ఈ వైరస్ సోకినప్పుడు మూత్రపిండానికి శత్రువవుతున్నది. మనవారిలో ఆ మార్పు లేనందువల్ల ఈ రకం అరుదు. అయినా వైరస్ వల్ల జల్లెడ వాచే ఇతర రకాలు మనవారిలోనూ ఉన్నాయి. వీటన్నిటికీ మొదటి మందు, వైరస్‌ను అణచే మందే. కనుక మందు మొదలుపెట్టడం ఆలస్యమైన కొద్దీ మూత్రపిండానికి ముప్పు పెరుగుతుంది.

రెండవ దారి మందులు. ఇక్కడ జాగ్రత్తగా వినవలసిందిగా మనవి, ఎందుకంటే సగం విని భయపడితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. ఈనాడు మన ప్రభుత్వ కేంద్రాలలో చాలామందికి ఇచ్చే బిళ్ళలో మూడు మందులు కలిసి ఉంటాయి. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. రోజుకు ఒక్క బిళ్ళ. ఇవి మంచి మందులు. లక్షల మంది ప్రాణాలు నిలబెట్టినవి. కాని టెనోఫోవిర్ మూత్రపిండాల గొట్టాల ద్వారా బయటికి పోతుంది. పోతూ పోతూ కొద్దిమందిలో ఆ గొట్టాలను దెబ్బ తీస్తుంది. అందరికీ కాదు. వయసు మళ్ళినవారు, బక్కపలచని వారు, రక్తపోటు గాని చక్కెర వ్యాధి గాని ఉన్నవారు, అప్పటికే మూత్రపిండాలు కొంత బలహీనపడినవారు, ఇంకా ఇతర మందులు కలిపి వేసుకునేవారు, వీరికి ఆ ముప్పు ఎక్కువ.

గొట్టం చెడితే పైకి తెలిసే గుర్తులు తక్కువ. నీరసం, ఎముకల నొప్పులు, మూత్రం ఎక్కువసార్లు పోవడం ఉండవచ్చు. పరీక్షలో ఒక విచిత్రం కనిపిస్తుంది. రక్తంలో చక్కెర సరిగానే ఉంటుంది, మూత్రంలో మాత్రం చక్కెర పోతుంటుంది. ఇది చక్కెర వ్యాధి కాదు, గొట్టం తన పని మానిందన్న కబురు. వేళకు గుర్తించి మందు మారిస్తే చాలామందిలో మూత్రపిండం చాలావరకు కోలుకుంటుంది. మార్చడానికి అబాకవిర్ అనే మందు ఉన్నది. టెనోఫోవిర్‌లోనే మూత్రపిండానికి తక్కువ హాని చేసే రెండో రూపమూ ఉన్నది, అది 2015 నుంచి వాడకంలోకి వచ్చింది. ఏది ఎవరికి తగినదో వైద్యుడు నిర్ణయించాలి.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఎవరూ ఈ ప్రసంగం విని ఇంటికి ఫోను చేసి "ఆ బిళ్ళ మానెయ్యి" అని చెప్పకండి. మందు మానితే వైరస్ తిరిగి లేస్తుంది, అప్పుడు జల్లెడకే ముప్పు. పైగా ఈ బిళ్ళలోని రెండు మందులు కాలేయానికి వచ్చే హెపటైటిస్-బి ని కూడా అణచి ఉంచుతాయి. ఆ జబ్బు కూడా ఉన్న మనిషి హఠాత్తుగా మానితే కాలేయం వాచి ప్రాణం మీదికి రావచ్చు. అలాగే డోలుటెగ్రావిర్ మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కొంచెం పెరిగినట్లు కనిపిస్తుంది. అది మూత్రపిండం చెడినందువల్ల కాదు. క్రియాటినిన్ బయటికి పోయే ఒక దారిని ఆ మందు మూసినందువల్ల. తరువాత అక్కడే నిలకడగా ఉంటే భయం లేదు. ఇంకా ఇంకా పెరుగుతూ పోతే మాత్రం వైద్యుడు వెతకాలి.

మూడవ దారి, ఒంట్లో నీరు తగ్గడం, ఇతర అంటురోగాలు. విరేచనాలు, వాంతులు, తీవ్రమైన జ్వరం, వీటివల్ల మూత్రపిండానికి చేరే రక్తం తగ్గి, అది అకస్మాత్తుగా మొరాయిస్తుంది. వేడికి నీరు తగ్గడం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2016 జూలై 21న ఈ దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 గంటల దాకా ఆరుబయట పని చేయించరాదని ఇక్కడ నియమం ఉన్నది. ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసి, దాహం వేసినా నీళ్ళు తాగే తీరిక లేక, ఆ పైన ఒళ్ళునొప్పులకు బిళ్ళలు మింగి ఇంటికి తిరిగి వెళ్ళిన మనిషి మూత్రపిండాలు మొదటే అలసి ఉండవచ్చు. అతనికి హెచ్.ఐ.వి. ఉంటే గోరుచుట్టు మీద రోకటిపోటు అయినట్లే.

నాలుగవ దారి అందరికీ ఉన్నదే, రక్తపోటు, చక్కెర వ్యాధి. హెచ్.ఐ.వి. ఉన్నంత మాత్రాన ఇవి రాకుండా పోవు. ఎయిడ్స్ కేంద్రంలో ఆ ఒక్క జబ్బే చూపించుకుని, రక్తపోటు సంగతి ఎవరూ పట్టించుకోకపోతే, వైరస్ చేయని పని రక్తపోటు చేస్తుంది.

ఇక మన అట్టపెట్టెల సంగతి. ఊరికి పంపే పెట్టెలో సబ్బులు, సెంట్లు, ఖర్జూరాలు, పాలపొడి, వాటితోపాటు ఒక సంచి నిండా నొప్పి మందులు ఉండడం మనకు ఆనవాయితీ. "కువైట్ మందు బాగా పనిచేస్తుంది" అని ఊళ్ళో పేరు. పెనడాల్ చెప్పిన మోతాదులో వాడితే మూత్రపిండానికి సాధారణంగా హాని చేయదు. కాని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి మందులు వేరు. మూత్రపిండంలోకి రక్తం వచ్చే నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాలను మన ఒళ్ళే తయారు చేసుకుంటుంది. ఈ మందులు ఆ పదార్థాలనే ఆపివేస్తాయి. ఆరోగ్యవంతుడు ఒకటి రెండు రోజులు వేసుకుంటే తట్టుకుంటాడు. ఒంట్లో నీరు తగ్గినవాడు, టెనోఫోవిర్ వాడేవాడు, మూత్రపిండం అప్పటికే బలహీనపడినవాడు తట్టుకోలేకపోవచ్చు. ప్రేమతో పంపిన సంచి ఎవరి చేతికి చేరుతుందో పంపినవారికి తెలియదు. ఎందుకంటే జబ్బు ఉన్నవాడు దాచాడు.

ఒక మనిషిని ఊహించుకుందాం. నలభై అయిదేళ్ళ డ్రైవరు. మెడికల్‌లో పోయి ఇంటికి వచ్చాడు. 'కఫీలుతో గొడవపడి వచ్చేశాను' అని ఊళ్ళో చెప్పాడు. జిల్లా కేంద్రానికి వెళ్ళి ఎవరూ చూడకుండా నెల నెలా మందు తెచ్చుకుంటున్నాడు. బిళ్ళల సీసా బీరువాలో బట్టల కింద దాచాడు. మోకాళ్ళ నొప్పి వచ్చింది. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్ళాడు. "ఇంకేమైనా మందులు వాడుతున్నావా?" అంటే "లేదండీ" అన్నాడు. సూది మందు పడింది, వారం రోజులు బిళ్ళలు పడ్డాయి. అంతలో ఎండాకాలం, విరేచనాలు పట్టుకున్నాయి. పెద్ద ఆసుపత్రికి చేరేసరికి మూత్రం తగ్గిపోయింది. అక్కడ కూడా భార్య పక్కన ఉన్నదని నోరు విప్పలేదు. ఇందులో ఆర్.ఎం.పి. దోషం ఎంత, విరేచనాల దోషం ఎంత, మందు దోషం ఎంత అని లెక్క కట్టవచ్చు. కాని ఒక్క నిజం మాట మొదటి రోజునే పలికి ఉంటే ఈ లెక్కతో పనే ఉండేది కాదు. డాక్టరు దగ్గర, ప్లీడరు దగ్గర దాచరాదని మన పెద్దలు ఊరికే అనలేదు.

అయితే దాచినవాడిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. అతడు ఎందుకు దాచాడు? చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు గనుక. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి అంటే రాష్ట్రమంతా అయ్యో అన్నది. పత్రికలు రాశాయి, ప్రభుత్వాలు కదిలాయి, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. చాలా మంచి పని. కాని అదే మూత్రపిండం హెచ్.ఐ.వి. ఉన్న మనిషిలో చెడితే అయ్యో అనేవారు తక్కువ, 'ఎక్కడ తిరిగాడో' అనేవారు ఎక్కువ. ఆడమనిషి అయితే ఆ మాట ఇంకా కటువుగా ఉంటుంది, భర్త నుంచి సోకినా సరే. మూత్రపిండానికి ఈ తేడా తెలియదు. రెండు చోట్లా బాధ ఒకటే.

ఇప్పుడు పరీక్షల సంగతి. రెండే రెండు. ఒకటి మూత్రంలో మాంసకృత్తులు, చక్కెర చూడడం. రెండవది రక్తంలో క్రియాటినిన్. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, తరువాత కనీసం ఆరు నెలలకొకసారి, ముప్పు ఎక్కువ ఉన్నవారికి ఇంకా త్వరగా చేయించాలి. క్రియాటినిన్ కాగితం మీద అంకె చూసి తృప్తి పడకూడదు. మూత్రపిండాల శక్తి సగం పోయేదాకా ఆ అంకె పెద్దగా పెరగకపోవచ్చు. కండ తక్కువగా ఉన్న బక్కమనిషికి అది తక్కువగానే కనిపించి మోసం చేస్తుంది. అందుకని వయసు, ఆడ మగ తేడా చూసి నిమిషానికి ఎంత వడగడుతున్నదో లెక్క కట్టించుకోవాలి. ఆ లెక్క 60కి తగ్గి మూడు నెలలు అలాగే ఉంటే దీర్ఘకాల మూత్రపిండాల వ్యాధి ఉన్నట్లు. 50కి తగ్గితే టెనోఫోవిర్ మోతాదైనా మార్చాలి, మందైనా మార్చాలి. మనిషి మామూలుగా తిరుగుతున్నాడు గదా అని ఊరుకోరాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

చికిత్సలో మొదటి మెట్టు వైరస్‌ను అణచి ఉంచడం. రెండవది రక్తపోటును 130/80 లోపు ఉంచడానికి ప్రయత్నించడం. మూత్రంలో మాంసకృత్తులు పోతుంటే రక్తపోటునూ, ఆ పోవడాన్నీ కలిపి తగ్గించే మందులు ఉన్నాయి. చక్కెర వ్యాధికి కనిపెట్టిన ఒక జాతి మందులు, చక్కెర వ్యాధి లేనివారిలో కూడా మూత్రపిండం చెడే వేగాన్ని తగ్గిస్తున్నట్లు 2020లోనూ, 2022లోనూ వెలువడిన పెద్ద పరిశోధనలు చూపాయి. ఊరగాయ, అప్పడం, ఎండు చేప తగ్గించి ఉప్పు అదుపులో పెట్టుకోవడం, పొగ మానడం మన చేతిలో పని. హెచ్.ఐ.వి. మందు కనిపెట్టామనే నాటువైద్యుల భస్మాల జోలికి పోకుండా ఉండడమూ మన చేతిలో పనే.

అంతా చేసినా మూత్రపిండాలు పూర్తిగా చెడితే డయాలసిస్. హెచ్.ఐ.వి. ఉన్నవారికి డయాలసిస్ ఇతరులకు చేసినట్లే చేయవచ్చు, ఫలితమూ బాగానే ఉంటుంది. అందరి విషయంలో పాటించవలసిన శుభ్రత పాటిస్తే వీరికి వేరే గది గాని, వేరే యంత్రం గాని అవసరం లేదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2001 మార్గదర్శకాలలోనే చెప్పింది. వేరే యంత్రం కావలసింది హెపటైటిస్-బి ఉన్నవారికి. ఊళ్ళో ఉన్నవారికి ఖర్చు సంగతి కూడా చెప్పాలి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ చేయించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్నది. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వపు జాతీయ డయాలసిస్ కార్యక్రమం కూడా ఉన్నది.

మూత్రపిండం మార్పిడి సంగతి మరీ చెప్పుకోదగినది. ఒకప్పుడు హెచ్.ఐ.వి. ఉన్న మనిషికి మార్పిడి అంటే వైద్యులే తల అడ్డంగా ఊపేవారు. అసలే నిరోధక శక్తి లేనివానికి దాన్ని ఇంకా తగ్గించే మందులు ఎలా ఇస్తామని వారి సందేహం. అమెరికాలో 150 మంది హెచ్.ఐ.వి. రోగులకు మార్పిడి చేసి, ఆ ఫలితాలను 2010లో ప్రకటించారు. మూడేళ్ళ తరువాత నూటికి 88 మంది బతికి ఉన్నారు. కొత్త మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించడం ఇతరులకంటె ఎక్కువగా ఉన్నా, మొత్తం మీద ఫలితం ఆశాజనకంగా ఉన్నది. కేప్‌టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రి, 1967లో తొలి గుండె మార్పిడి జరిగిన చోటు. అక్కడ 2008లో డాక్టర్ ఎల్మీ ముల్లర్ మరొక సాహసం చేశారు. హెచ్.ఐ.వి. ఉండి మరణించిన దాతల మూత్రపిండాలను హెచ్.ఐ.వి. ఉన్న రోగులకే అమర్చారు. ఆ రోగులకు డయాలసిస్ దొరకని పరిస్థితి. అవి లేకపోతే మరణమే. ఆ పని ఫలించింది. 2013లో అమెరికా చట్టం మార్చుకుని ఆ బాటనే పట్టింది. 2019లో బాల్టిమోర్‌లో హెచ్.ఐ.వి. ఉన్న ఒక మహిళ బతికి ఉండగానే తన మూత్రపిండం దానం చేశారు. ఆలోచించండి. పనికిరాడని ఒక మెడికల్ కాగితం తోసివేసే మనిషి, మరొక చోట ప్రాణదాత అయ్యాడు.

చట్టం కూడా రోగి పక్షాన ఉన్నది. 2017లో మన పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. ఈ జబ్బు ఉన్నదని వైద్యం నిరాకరించడం, ఉద్యోగం తీసివేయడం, బడిలో చేర్చుకోకపోవడం ఆ చట్టం ప్రకారం నిషిద్ధం. మనిషి అంగీకారం లేకుండా పరీక్ష చేయరాదు, అతని జబ్బు సంగతి బయటపెట్టరాదు. ఆ చట్టం కువైట్‌లో చెల్లదు, నిజమే. కాని ఇక్కడి నుంచి వెళ్ళినవానికి విమానం దిగిన క్షణం నుంచి అది చెల్లుతుంది. ఈ మాట అతనికి చెప్పేవారు కావాలి.

దాపరికం వద్దంటున్నామంటే ఊరంతా దండోరా వేయమని కాదు. జబ్బు సంగతి రోగి సొంత సొత్తు. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో అతని ఇష్టం. అయితే తనకు మందు రాసే ప్రతి వైద్యునికీ, మందు ఇచ్చే దుకాణం వారికీ తాను వాడే మందుల పేర్లు చెప్పి తీరాలి. జీవిత భాగస్వామికి చెప్పి, ఆమెకూ అతనికీ పరీక్ష చేయించాలి. ఇంతకు మించి ఎవరికీ చెప్పనక్కరలేదు. మనం చేయవలసింది కూడా చిన్నదే. మెడికల్‌లో పోయి తిరిగి వెళుతున్నవానిని కారణం అడగవద్దు. విమానాశ్రయం దాకా తోడు వెళ్ళండి. "ఊళ్ళో ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా మందు దొరుకుతుంది, వెళ్ళగానే మొదలుపెట్టు, 1097 నంబరుకు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా చెబుతారు, ఆరు నెలలకొకసారి మూత్రపిండాల పరీక్ష చేయించుకో" అని ఈ నాలుగు మాటలు చెప్పండి. వెళ్ళిన తరువాత ఫోను చేయడం మానకండి. పెట్టెలో నొప్పి మందుల సంచి తీసివేయండి, దాని స్థానంలో రక్తపోటు చూసుకునే యంత్రం ఒకటి పెట్టండి. అది ఇంట్లో అందరికీ పనికివస్తుంది, అందులో ఎవరి రహస్యమూ బయటపడదు.

మా మాటలు కొంచెం పొడుగయ్యాయి. తరువాతి కార్యక్రమం పిల్లలది, వేషాలు వేసుకుని తెర వెనుక ఎదురుచూస్తున్నారు.  సభ అయిన తరువాత మేము హాలు వెనుక వైపున కూర్చుంటాం. ఎవరైనా వచ్చి అడగవచ్చు. ఎవరి కోసం అడుగుతున్నారని మేము అడగం.

సెలవు.